ఓపెన్ వాటర్‌లో జీపీఎస్ వాచ్ చూపించే దూరం: ఎందుకు తప్పుతుంది, ఎంతవరకు నమ్మొచ్చు

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇద్దరు ఫ్రెండ్స్ పక్కపక్కనే 1.9 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ రేస్ ఈదారు, ఒకరి వాచ్ 2.13 చూపించింది, ఇంకొకరిది 1.84. రెండూ పేరున్న వాచ్‌లే. ఏది కరెక్టు, ఇంకా ఖరీదైన డ్యూయల్ ఫ్రీక్వెన్సీ వాచ్ (రెండు ఫ్రీక్వెన్సీల మీద శాటిలైట్ సిగ్నల్ అందుకునేది) కొంటే ఈ తేడా పోతుందా అని.

చాలా ఏళ్లుగా చెరువుల్లోనూ సముద్రంలోనూ ఈదుతూ, ఈదేవాళ్లకి ట్రైనింగ్ ఇస్తూ, రకరకాల వాచ్‌లు చూసినవాడిగా చెప్తున్నా, రెండూ కరెక్టు కాకపోవచ్చు, ఆ మాటకొస్తే ఆ 1.9 కూడా కాకపోవచ్చు (అది తర్వాత చెప్తా). కొత్త వాచ్ కొంటే కొంచెం మెరుగవుతుంది గానీ తేడా పూర్తిగా పోదు, ఎందుకంటే ఇక్కడ బ్రాండ్ కన్నా వాచ్ ఎక్కడ పెట్టుకున్నారు అన్నదే ఎక్కువ లెక్కలోకొస్తుంది. మణికట్టుకి ఉన్న చాలా ఖరీదైన వాచ్ కన్నా తల మీద క్యాప్ కింద పెట్టిన పాత వాచ్ మంచి ట్రాక్ ఇవ్వడం నేను మళ్లీ మళ్లీ చూశా.

ఎందుకో చెప్పాలంటే ముందు సిగ్నల్ సంగతి. జీపీఎస్ శాటిలైట్‌లు మనకి దాదాపు 20,200 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి, అక్కడినుంచి వచ్చే సిగ్నల్ భూమి మీదకి చేరేసరికే ఎంత బలహీనంగా ఉంటుందంటే, మామూలు రేడియో లెక్కలో చూస్తే చుట్టూ ఉన్న నాయిస్ కింద మునిగిపోయి ఉంటుంది, రిసీవర్ దాన్ని కోడ్ పట్టుకుని వెతికి పైకి తీస్తుంది. ఇది 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది (దీన్నే ఎల్1 అంటారు), ఈ ఫ్రీక్వెన్సీకి నీళ్లంటే గోడ లాంటిదే. నీటి ఉపరితలం దగ్గరే సగానికి పైగా వెనక్కి రిఫ్లెక్ట్ అయిపోతుంది, లోపలికి వెళ్లిన మిగతాది మంచినీళ్లలో సెంటీమీటర్‌కి ఐదోవంతు చొప్పున తగ్గుతూ పోతుంది. ఉప్పునీళ్లలో అయితే ఇంకా ఘోరం, ఒక్క సెంటీమీటర్ దిగేసరికి సుమారు పదో వంతే మిగులుతుంది, ఇంకో సెంటీమీటర్‌కి అందులో మళ్లీ పదో వంతు. మీ చెయ్యి నీళ్లలో అర మీటర్ లోతుకి వెళ్తుంది కదా. అక్కడ వాచ్‌కి జీపీఎస్ అనేదే లేనట్టు, కంపెనీ ఏదైనా సరే. చెరువులో బాగానే వచ్చిన వాచ్ సముద్రంలో ఇంకొంచెం పిచ్చిగా కనిపిస్తే ఆశ్చర్యపోవక్కర్లేదు.

ఇప్పుడు ఫ్రీస్టైల్ తీసుకోండి. నిమిషానికి 60 స్ట్రోక్‌లు వేస్తున్నారు అనుకుంటే (రెండు చేతులూ కలిపి), వాచ్ ఉన్న చెయ్యి ఒక చుట్టు తిరగడానికి 2 సెకన్లు పడుతుంది, అందులో చెయ్యి గాల్లో ఉండేది అర సెకను, కాస్త ఎక్కువ. మిగతా టైమంతా నీళ్లలోనే. అంటే వాచ్‌కి ఆకాశం కనిపించేది అర సెకను, మళ్లీ సెకనున్నర చీకటి, మళ్లీ అర సెకను. ఆ అర సెకనులో కూడా చెయ్యి వేగంగా ఊగుతూ ఉంటుంది, వాచ్ ముఖం పైకి ఉండొచ్చు పక్కకి ఉండొచ్చు, యాంటెన్నా మీద నీటి పొర ఉంటుంది. చెయ్యి ముందుకి చాచి ఎక్కువసేపు గ్లైడ్ చేసేవాళ్లకి ఇంకా తక్కువ ఛాన్స్. బ్రెస్ట్‌స్ట్రోక్ అయితే మణికట్టు దాదాపు నీళ్లలోంచి బయటకే రాదు, అందుకే బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్ల ట్రాక్ చూస్తే చిన్నపిల్లలు గోడ మీద గీసిన గీతల్లా ఉంటుంది, దానికి వాచ్‌ని తిట్టి లాభం లేదు.

ఇందులో చాలామంది పట్టించుకోని ఇంకో విషయం ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చేది. శాటిలైట్ దూరం తెలిస్తే చాలదు, ఆ శాటిలైట్ ఇప్పుడు సరిగ్గా ఎక్కడుందో కూడా వాచ్‌కి తెలియాలి. ఆ సమాచారాన్ని శాటిలైటే పంపిస్తుంది, కానీ సెకనుకి 50 బిట్‌ల స్పీడ్‌తో, అంటే ఈ రోజుల్లో ఊహించలేనంత నెమ్మదిగా. కావాల్సిన ముక్క మొత్తం అందాలంటే 18 సెకన్లు పడుతుంది, మొత్తం ఫ్రేమ్ 30 సెకన్లు, 30 సెకన్లకోసారి అదే మళ్లీ రిపీట్. ఒడ్డు మీద నిలబడి ఉంటే ఇబ్బంది లేదు. కానీ లాక్ రాకముందే, అంటే వాచ్‌కి శాటిలైట్‌లు దొరకకముందే నీళ్లలోకి దూకేసి ఈత మొదలుపెడితే, రెండు సెకన్లకోసారి లైన్ కట్ అయ్యే ఫోన్‌లో ఎవరో పొడుగాటి నంబర్ చెప్తుంటే రాసుకోవడానికి ప్రయత్నించినట్టు ఉంటుంది, ఎప్పటికీ పూర్తికాదు. ఫోన్‌తో సింక్ చేసిన వాచ్‌లు శాటిలైట్‌ల అంచనా స్థానాలని ముందే కొన్ని రోజులకి సరిపడా దించుకుని పెట్టుకుంటాయి, అందుకే రేస్‌కి ముందురోజు రాత్రి ఒకసారి సింక్ చేయమని అందరికీ చెప్తుంటా. చాలా రోజులు సింక్ చేయకుండా, ఇంకో ఊరికి ప్రయాణం చేసి, స్టార్ట్ హారన్ మోగాక వాచ్ ఆన్ చేసినవాళ్ల ఫైల్స్‌లో మొదటి కొన్ని వందల మీటర్లు అసలు ఉండవు, లేదంటే ఎక్కడో ఒడ్డు మీద రోడ్డు పక్కన ఉంటాయి. ఆకుపచ్చ లైటో, బజరో వచ్చాక కూడా ఒక నిమిషం ఆగండి. మొదట నాలుగు శాటిలైట్‌లు దొరకగానే వాచ్ రెడీ అంటుంది, ఆ నిమిషంలో ఇంకా ఎక్కువ దొరుకుతాయి, అప్పుడు నీళ్లలో రెండుమూడు పోయినా పని నడుస్తుంది.

సరే, వాచ్‌కి అప్పుడప్పుడూ దొరికే పాయింట్లు ఉన్నాయి, మధ్యలో ఖాళీలు ఉన్నాయి. వాటిని కలిపి దూరం ఎలా లెక్కేస్తుంది అన్నదాంట్లోనే మీ 2.13కి 1.84కి తేడా వచ్చి ఉంటుంది. ఒక చిన్న లెక్క చూడండి. మీరు తిన్నగా ఈదుతున్నారు, వాచ్ ప్రతి 10 మీటర్లకీ ఒక పాయింట్ తీసుకుంటోంది, ప్రతి పాయింట్‌లో 3 మీటర్ల తప్పు ఉంది, ఒకసారి ఎడమకి ఒకసారి కుడికి. 3 మీటర్ల తప్పంటే జీపీఎస్‌కి చాలా మంచి రోజు అన్నమాట. అయినా ప్రతి 10 మీటర్ల ముక్కా 11.66 అవుతుంది, అంటే 16 శాతం పైన ఎక్కువ చూపిస్తుంది! అదే తప్పుతో 50 మీటర్లకి ఒక పాయింట్ తీసుకుంటే ముక్క 50.36, తప్పు ఒక శాతం కూడా లేదు. ఆహా అయితే తక్కువ పాయింట్లే బెటర్ కదా అనిపిస్తుంది, కానీ అప్పుడు మలుపుల దగ్గర దెబ్బ. బోయ్ (దారి గుర్తుగా నీళ్లలో తేలేలా కట్టి ఉంచేది) దగ్గర 90 డిగ్రీలు తిరిగారు, తిరగడానికి 25 మీటర్ల ముందు ఒక పాయింట్, తిరిగాక 25 మీటర్లకి ఇంకో పాయింట్ పడింది అనుకోండి, మీరు ఈదింది 50, వాచ్ మూలకి అడ్డంగా గీత గీసేసి 35 అంటుంది. నాలుగు మలుపులు ఉన్న కోర్సులో అలా 60 మీటర్లు ఎగిరిపోతాయి.

అందుకే కంపెనీలు ఓపెన్ వాటర్ మోడ్ అని వేరేగా పెట్టాయి, 2011లో వచ్చిన గార్మిన్ 910ఎక్స్‌టీ కాలంనాటికే ఇది ఉంది. చెయ్యి ఎప్పుడు పైకొస్తుందో కదలికల సెన్సార్‌తో కనిపెట్టడం, మనిషి ఈతలో వెళ్లలేని స్పీడ్‌ని చూపించే పాయింట్లు పారేయడం, మిగిలిన వాటిని కలిపే గీతని నున్నగా చేయడం లాంటి పనులు ఇందులో జరుగుతాయి. ఎవరు ఎంత నున్నగా చేస్తారన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. తక్కువ నున్నగా చేస్తే దూరం ఉబ్బుతుంది, ఎక్కువ చేస్తే మూలలు తెగి తగ్గుతుంది. నా అంచనా, ఒకరిది మొదటి రకం ఇంకొకరిది రెండో రకం. మోడ్ తేడా కూడా ఒకసారి చూసుకోండి, రన్నింగ్ మోడ్‌లో పెట్టి ఈదేవాళ్లు ఇంకా ఉన్నారు, పూల్ మోడ్‌లో పెట్టి చెరువులో దూకినవాళ్లని కూడా చూశా. పూల్ మోడ్‌లో జీపీఎస్ అసలు వాడదు, గోడ తన్ని తిరిగినప్పుడల్లా పూల్ పొడవు కలుపుకుంటూ పోతుంది, గోడ లేని చోట అది ఏం లెక్కపెడుతుంది పాపం.

ఇక ఆ 1.9 సంగతి. రన్నింగ్‌లో సర్టిఫైడ్ కోర్సు అంటే సైకిల్ చక్రానికి కౌంటర్ కట్టి, ముందే కొలిచిపెట్టిన దూరం మీద దాన్ని సరిచూసుకుని, మనుషులు పరిగెత్తే అతిచిన్న దారి వెంబడి కొలుస్తారు, పైగా తక్కువ కాకూడదని 0.1 శాతం ఎక్కువ కలుపుతారు. నీళ్లలో అంత పద్ధతి కుదరదు. బోటులో వెళ్లి జీపీఎస్ చూసి బోయ్‌లు దించుతారు, కింద లంగరు, పైన తాడు. నీళ్లు 8 మీటర్ల లోతు, తాడు 15 మీటర్లు ఉంటే ఆ బోయ్ గాలికి దాదాపు 13 మీటర్లు అటో ఇటో జరగగలదు, అది తప్పేం కాదు, కెరటాల్లో తాడు అలా వదులుగానే ఉండాలి. పైగా మీరు గీత గీసినట్టు ఈదరు. 10 డిగ్రీలు వంకరగా వెళ్తూ సరిచేసుకుంటూ ఈదితే 1.9 కిలోమీటర్లకి సుమారు 30 మీటర్లు ఎక్కువ, అదే 20 డిగ్రీలైతే 120 మీటర్లు ఎక్కువ. సైటింగ్ (మధ్యమధ్యలో తల ఎత్తి దారి చూసుకోవడం) సరిగా రాని కొత్తవాళ్లు 20 డిగ్రీలు తిరగడం చాలా మామూలు. కాబట్టి 2.13 చూపించిన మనిషి నిజంగానే 2 కిలోమీటర్లు ఈది ఉండొచ్చు, వాచ్ తప్పు పైన ఇంకొంచెం కలిపి ఉండొచ్చు. పక్కపక్కనే ఈదాం అంటారు గానీ నీళ్లలో ఆ పక్కపక్కన ఎంతసేపు ఉన్నారో ఇద్దరికీ తెలియదు, నన్నడిగితే ఆ మాటని కొంచెం అనుమానంగానే చూస్తా.

కరెంట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది వాచ్ తప్పు కాకపోయినా అందరూ వాచ్ మీదే వేస్తారు. జీపీఎస్ కొలిచేది నేల మీద మీరు ఎంత జరిగారో, నీళ్లలో ఎంత ఈదారో కాదు. గంటకి 3 కిలోమీటర్లు ఈదే మనిషి, గంటకి 1 కిలోమీటర్ ప్రవాహంతో పాటు వెళ్తే 100 మీటర్లకి 1:30 చూపిస్తుంది, ఎదురుగా వస్తే 3:00. కష్టం ఒకటే, రెండింటికీ అసలు పేస్ (100 మీటర్లకి పట్టే టైమ్) 2:00. పోనీ వెళ్లిరావడంలో రెండూ చెల్లిపోతాయి కదా అంటే చెల్లవు, కిలోమీటర్ వెళ్లి కిలోమీటర్ రావడానికి నిలకడ నీళ్లలో 40 నిమిషాలు, ఈ ప్రవాహంలో 15 ప్లస్ 30, అంటే 45. ఇంగ్లిష్ ఛానల్ ఈదేవాళ్ల ట్రాక్‌లు చూస్తే ఎస్ ఆకారంలో వంకరగా ఉంటాయి, అక్కడ పోటు ఇంచుమించు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది. తీరం నుంచి తీరానికి అతిదగ్గర దూరం 33 కిలోమీటర్ల పైచిలుకు, గీత మాత్రం దానికన్నా బాగా పొడుగు. రికార్డుల్లో రాసేది ఆ తిన్నని దూరమే, కొట్టుకుపోయిన దూరం కాదు. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ మొదటిసారి దాటినప్పుడు 21 గంటలు దాటింది, ఆయనా అలాగే వంకరగా కొట్టుకుపోతూ వెళ్లాడు.

మరి ఏం చేయాలి. ప్రాక్టీస్‌లో అయితే టో ఫ్లోట్ వాడండి, నడుముకి కట్టుకుని వెనక లాక్కెళ్లే ఆ రంగు బెలూన్ లాంటిది, బోట్లకి కనబడటానికి ఎలాగూ ఉండాల్సిందే. డ్రై పౌచ్ ఉన్నది తీసుకుని వాచ్ గానీ ఫోన్ గానీ అందులో పైభాగంలో ఉండేలా పెట్టండి, అడుగున పడితే నీటి మట్టానికి వచ్చేస్తుంది, లాభం తగ్గుతుంది. ఇలా వచ్చే ట్రాక్ చూశాక మణికట్టు ట్రాక్ చూడబుద్ధి కాదు. రేసుల్లో ఫ్లోట్ ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు క్యాప్ కింద తల వెనకభాగంలో, ముఖం ఆకాశం వైపుకి పెట్టుకోవచ్చు, ఫ్రీస్టైల్‌లో ఆ భాగం చాలావరకు నీటిపైనే ఉంటుంది. రెండు క్యాప్‌లు వేసుకుని మధ్యలో పెడితే జారదు. ఇబ్బందులు ఏంటంటే స్ట్రోక్ లెక్క ఉండదు, గుండె వేగం ఉండదు, మధ్యలో టైమ్ చూసుకోలేరు, స్టార్ట్ నొక్కి క్యాప్ వేసుకునేటప్పుడు బటన్ మళ్లీ నొక్కుకుపోయే ఛాన్స్ కూడా ఉంది కాబట్టి బటన్ లాక్ చేయండి. ఇంకో సంగతి, ఇలా పెట్టినప్పుడు ఓపెన్ వాటర్ మోడ్ కొన్ని వాచ్‌లలో కన్‌ఫ్యూజ్ అవుతుంది, అది చెయ్యి ఊపు కోసం చూస్తుంది, తల మీద ఆ ఊపు ఉండదు. కయాకింగ్ లాంటి వేరే అవుట్‌డోర్ మోడ్‌లో పెట్టి, తర్వాత యాప్‌లో స్విమ్మింగ్ అని మార్చుకోండి.

మణికట్టుకే పెట్టుకుంటా అంటారా, ట్రయథ్లాన్‌లో (ఈత, సైకిల్, పరుగు కలిపిన రేసు) అంతకన్నా దారి లేదు కూడా, అప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రికార్డింగ్ ప్రతి సెకనుకీ అని పెట్టండి. బ్యాటరీ ఆదా మోడ్, ఆటో పాజ్ తీసేయండి. వెట్‌సూట్ ఉంటే వాచ్‌ని స్లీవ్ పైన కట్టుకోండి, కింద పెడితే దాని మీద నీళ్లు నిలుస్తాయి. బోయ్ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నప్పుడు చేతిని ఊరికే నీళ్లలో వదిలేయకుండా నాలుగైదు సెకన్లు పైన పెట్టండి, మంచి పాయింట్ ఒకటి దొరుకుతుంది, మూల కూడా తెగదు. చివర్లో కూడా అంతే, చెయ్యి పైకి తీసి రెండు క్షణాలు ఆగి స్టాప్ నొక్కండి. చాలామంది ఒడ్డుకి వచ్చి, ఫోటోలు దిగి, నడుచుకుంటూ వెళ్లాక గుర్తొచ్చి నొక్కుతారు, తర్వాత పేస్ ఏంటి ఇలా ఉంది అని వాచ్‌ని అడుగుతారు.

ఏ నంబర్ నమ్మాలి అంటే, టైమ్ ఎలాగూ నమ్మొచ్చు. స్ట్రోక్ రేట్ నమ్మొచ్చు, అది జీపీఎస్‌తో పనిలేకుండా కదలికల సెన్సార్‌తో వస్తుంది, నిజానికి ఓపెన్ వాటర్ ట్రైనింగ్‌కి నేను ఎక్కువ చూసేది ఇదే, అలిసిపోయినప్పుడు అది ఎక్కడ పడిపోయిందో ఇట్టే తెలిసిపోతుంది. మొత్తం దూరం, పెద్ద ఈతల్లో మలుపులు తక్కువున్నప్పుడు, అయిదు నుంచి పది శాతం అటూఇటూగా తీసుకోండి. స్క్రీన్ మీద అప్పటికప్పుడు కనిపించే పేస్ మాత్రం అస్సలు చూడొద్దు, 1:20 అంటుంది మరుక్షణం 2:40 అంటుంది. 100 మీటర్ల స్ప్లిట్‌లు (ప్రతి 100 మీటర్లకీ విడిగా చూపించే టైమ్‌లు) కూడా అంతే, 500 మీటర్లకి తక్కువ అలర్ట్ పెట్టుకోవడం అనవసరం. దూరం మీద ఆధారపడే స్వోల్ఫ్ (ఒక పొడవుకి పట్టిన సెకన్లు, వేసిన స్ట్రోక్‌లు కలిపిన లెక్క) లాంటివి ఓపెన్ వాటర్‌లో చూసి బాధపడొద్దు.

మీ వాచ్ ఎంత తప్పుతుందో మీరే తెలుసుకోవచ్చు, పెద్ద కష్టం కాదు. గాలి లేని రోజు, ప్రవాహం లేని చోట, ఒడ్డుకి సమాంతరంగా మ్యాప్‌లో స్పష్టంగా కనిపించే రెండు గుర్తులు చూసుకుని శాటిలైట్ మ్యాప్‌లో దూరం కొలవండి. మణికట్టుకి ఒకటి, ఫ్లోట్‌లో ఇంకొకటి పెట్టుకుని ఆ రెండింటి మధ్య కొన్ని సార్లు తిరగండి. ఒక్కసారి చూసి తీర్పు ఇవ్వకండి, ఇది ఒక్కో ఈతకి ఒక్కోలా తప్పుతుంది. ప్రతిసారీ ఒకేవైపు తప్పుతుంటే, ఉదాహరణకి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంటే, ఆ శాతం గుర్తుపెట్టుకుని మనసులో తీసేసుకోవచ్చు. ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అయితే చేయగలిగింది లేదు, ఆ వాచ్‌తో ఒక్కరోజు దూరం కన్నా నెల మొత్తం కూడిన దూరమే కాస్త నయం.

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ విషయానికొస్తే, 2022లో ఆపిల్ వాచ్ అల్ట్రా వచ్చాక అందరూ దీని గురించే అడుగుతున్నారు. ఎల్1తో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ మీద ఎల్5 కూడా వాడటం అన్నమాట. ఇది బాగా ఉపయోగపడేది బిల్డింగులు, కొండగోడలు తగిలి సిగ్నల్ తిరిగొచ్చే చోట, ఏది నేరుగా వచ్చింది ఏది తగిలి వచ్చింది అని తేల్చడానికి. నడి చెరువులో అడ్డంగా ఏముంటుంది చెప్పండి, అక్కడ సమస్య సిగ్నల్ అసలు రాకపోవడం, నీళ్ల కింద ఎల్5 కూడా రాదు. అయితే కొత్త చిప్‌లు పోయిన సిగ్నల్‌ని తొందరగా మళ్లీ పట్టుకుంటాయి, గెలీలియో, బైడూ లాంటి మిగతా వ్యవస్థల శాటిలైట్‌లని కూడా కలిపి చూస్తాయి, ఆ అర సెకను కిటికీలో అది నిజంగా పనికొస్తుంది. మీ దగ్గర ఉన్నది ఒక్క జీపీఎస్ మాత్రమే వాడే చాలా పాత వాచ్ అయితే మార్చుకోండి, తేడా తెలుస్తుంది. ఈమధ్య కొన్నదే అయితే ఈత కోసం మాత్రం మార్చొద్దు.

గుండె వేగం గురించి అడగలేదు గానీ ఎలాగూ తర్వాత అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. ఛాతీ స్ట్రాప్ నుంచి వాచ్‌కి వెళ్లేది బ్లూటూత్ లేదా యాంట్ ప్లస్, రెండూ 2.4 గిగాహెర్ట్జ్, నీళ్లలో ఇది కూడా చచ్చిపోతుంది. అందుకే ఈతకి పనికొచ్చే స్ట్రాప్‌లు లెక్కని తమలోనే దాచుకుని, ఒడ్డుకి వచ్చాక వాచ్‌కి పంపిస్తాయి. పోలార్ పాత పద్ధతి 5 కిలోహెర్ట్జ్ మాత్రం నీళ్లలో కూడా దగ్గర్లో అందుతుంది, కానీ దాన్ని అందుకునే వాచ్ ఉండాలి, ఇప్పటి వాచ్‌లలో చాలావాటికి ఆ రిసీవర్ లేదు, కొనేముందు స్పెసిఫికేషన్‌లో చూసుకోండి.